పొక్లెయిన్‌కి రిప్పర్ తగిలించి మొద్దులు తీయించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గుణుపురం జామాయిల్

అందరికీ నమస్కారం. మాది గుణుపురం దగ్గర, పద్మపూర్ వెళ్ళే వైపు. నాన్నగారు వేసిన జామాయిల్ తోట నాలుగెకరాలు ఉంది. మూడు కోతలు అయిపోయాయి, కర్ర ఎప్పటికప్పుడు రాయగడ వైపు కాగితం మిల్లుకే పోయింది. మూడో కోతకి పిలకలు మరీ సన్నబడ్డాయి. ఇక లాభం లేదని, ఈ ఏడు మొద్దులన్నీ తీయించేసి ఒక పంట పత్తి వేసి ఆ తర్వాత జీడి అంట్లు పెట్టుకుందామని ఇంట్లో అనుకున్నాం. గట్టు పక్కన పాత జీడిమొద్దులు తొమ్మిది, ఒక పెద్ద చింతమొద్దు కూడా ఉన్నాయి.

మొన్న టైర్ల మెషీను, అదే మనందరం జేసీబీ అనేసే రకం, ఒకరోజు పెట్టి చూశాను. పొద్దున్న ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రానికి జీడిమొద్దులు నాలుగు, జామాయిల్‌వి ఓ ముప్ఫై లేచాయి, అంతే. బకెట్ పళ్ళు రెండు విరిగాయి, బకెట్ చెవి దగ్గర పగులు వచ్చింది. వెల్డింగ్ ఖర్చు ఎవరిదని మాటామాటా పెరిగి చివరికి సగం నేను ఇచ్చాను. ఆ గొయ్యిలు చూస్తే ఇంకా బెంగ, ఒక్కో జీడిమొద్దుకి ఎడ్లబండి దిగేంత గొయ్యి, అడుగునున్న ఎర్ర గరుసంతా పైకొచ్చి పడింది. ఆ మట్టిలో పత్తి ఎలా మొలుస్తుంది?

చైన్ మెషీనుకి, అదే పొక్లెయిన్‌కి, బకెట్ తీసేసి ఒంటి పన్ను రిప్పర్, అంటే ఒకే మొన ఉన్న వంకర ఇనుప పన్ను, తగిలిస్తే పని తొందరగా అవుతుందని ఒకాయన చెప్పాడు. నిజమేనా? ఎన్ని టన్నుల మెషీను కావాలి? రిప్పర్ మనం కొనాలా, మెషీనువాళ్ళే తెస్తారా? చేయించినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది, వర్షాలు దగ్గర పడ్డాయి.

చైన్‌బండి ఆపరేటర్, పర్లాకిమిడి

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్ళుగా చైన్ మెషీను మీదే ఉన్నాను. కొండ పనులు, చెరువు పనులు, తోటల పనులు అన్నీ చేశాను. మీకు చెప్పినాయన నిజమే చెప్పాడు, కానీ సగమే చెప్పాడు.

రిప్పర్ తగిలించినంత మాత్రాన మెషీనుకి కొత్త బలమేమీ రాదు. ఇరవై టన్నుల మెషీను బకెట్ చివర ఇచ్చే బలం సుమారు 13 నుంచి 15 టన్నులు ఉంటుంది. బకెట్‌కి ఐదు పళ్ళు, అంటే ఆ బలం ఐదుగురికీ పంచినట్టు. రిప్పర్‌కి ఒక్కటే మొన, మొత్తం అక్కడే దిగుతుంది. పైగా అది సన్నగా ఉంటుంది కాబట్టి మట్టి ఎత్తదు, మట్టిలోంచి జారి వేరుని మాత్రమే పట్టుకుంటుంది. మీ గొయ్యిలు అంత పెద్దగా రావడానికి కారణం అదే, బకెట్ వేరు కోసం వెతుకుతూ మట్టినంతా తోడేసింది.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది ఆపరేటర్లు రిప్పర్ తగిలించగానే సరాసరి మొద్దు మీదకి వెళ్ళి కింద గుచ్చి ఎత్తాలని చూస్తారు. అక్కడే తప్పు. జీడిమొద్దు అయితే ముందు దానికి ఐదారు అడుగుల దూరంలో మొనని నిటారుగా దింపండి, అడుగున్నర లోతు చాలు, తర్వాత ఆర్మ్‌తో, అంటే రిప్పర్ తగిలించిన చేతితో, మెల్లగా మీ వైపు లాక్కోండి. వేరు తగిలిందంటే సీట్లో కూర్చున్నవాడికి ఇట్టే తెలుస్తుంది: ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుకి ఒక్క పిసరు ఒరుగుతుంది, ఆ తర్వాత వేరు టప్పున తెగి బండి వెనక్కి సర్దుకుంటుంది. అలా ఒక వరస తెంపి, ఇంకాస్త దగ్గరికి జరిగి ఇంకో వరస. రిప్పర్ మన వైపే లాగగలదు కాబట్టి ఒకేచోట నిలబడి అన్ని వైపులా తెంపలేం. గడియారంలో 12, 4, 8 అంకెల దగ్గర నిలబడ్డట్టు బండిని మూడుచోట్లకి తిప్పుకోవాలి. పక్క వేర్లన్నీ తెగాక తల్లివేరు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కిందకి మొన పోనిచ్చి కర్ల్ కొడితే, అంటే మొనని లోపలికి ముడిస్తే, మొద్దు వదులైన పన్ను కదిలినట్టు కదిలి పైకి వస్తుంది.

పెద్ద చెట్టు ఇంకా కొట్టకపోతే మొదలంటా కొట్టించకండి, మూడు నాలుగు అడుగులు కాండం ఉంచండి. పైన తోసినప్పుడు కింద వేరు మీద పడే బలం చాలా పెరుగుతుంది.

బరంపురం మెషీన్ ఓనర్

ఆపరేటర్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను, ఇది నా సొంత డబ్బు పోయి తెలుసుకున్నది. రిప్పర్ నేలలో ఉండగా స్వింగ్ కొట్టకూడదు, అంటే బండిని పక్కకి తిప్పకూడదు. అసలు కొట్టకూడదు. మూడేళ్ళ కిందట మా కుర్రాడు ఒకడు మామిడి మొద్దు రావట్లేదని మొన లోపల ఉండగానే బండిని పక్కకి తిప్పాడు. పిన్ను వంగింది, ఆర్మ్ చివర పిన్ను కూర్చునే కన్నం కోలగా అయిపోయింది, దాన్ని మళ్ళీ గుండ్రంగా తొలిపించే దాకా బండి పందొమ్మిది రోజులు నిలిచిపోయింది. ఆ కుర్రాడిని నేను తిట్టలేదు, ఎందుకంటే వాడికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. బకెట్‌తో మట్టిని పక్కకి ఊడ్చడం అలవాటైన చేతికి అది తప్పని తోచదు. రిప్పర్ ఎప్పుడూ బూమ్‌కి, అంటే బండి నుంచి లేచే పెద్ద చేతికి, నేరుగా, మన వైపే రావాలి.

ఇంకోటి, చైన్ నడిపి లాగడం. ఆర్మ్ చాలట్లేదని రిప్పర్‌ని గుచ్చి బండిని వెనక్కి నడిపేవాళ్ళని చూశాను. ఆ బలమంతా బూమ్ మొదట్లో, చైన్ నడిపే మోటార్ల మీద పడుతుంది. ఆర్మ్‌తో రాకపోతే ఇంకో పక్క వేరు తెగలేదని అర్థం, అటు వెళ్ళి చూడండి.

ఖర్చు గురించి తమ్ముడు అడిగాడు కాబట్టి: పనికి ముందే మాట్లాడుకోండి. పన్ను అరిగినా విరిగినా అది మెషీనువాడిది, ఎందుకంటే అది అరిగే సామానే. నేలలో రాళ్ళు, పాత పునాదులు, పైపులు ఉన్నాయని తెలిసీ చెప్పకపోతే ఆ నష్టం పొలంవాళ్ళది. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటే సాయంత్రం గొడవ ఉండదు.

వెల్డింగ్ షాప్, రాయగడ

రిప్పర్ తయారీ వైపు నుంచి నేను చెప్తాను. మా షాపుకి నెలకి ఒకటైనా వంగిపోయిన రిప్పర్ వస్తుంది. తొంభై పాళ్ళు కథ ఒకటే, పాత ఇనుప ప్లేటు ఏదో దొరికింది, దాన్ని వంకర కోసి పిన్ను దూర్చే చెవులు అతికించారు. మామూలు మైల్డ్ స్టీల్ ప్లేటు ఎంత మందం ఉన్నా చింతమొద్దు దగ్గర వంగుతుంది. షాంక్‌కి, అంటే రిప్పర్ కాడకి, బాగా బలమైన హై టెన్సైల్ ప్లేటు కావాలి, మొనకి మార్చుకోగలిగే పన్ను, దాన్ని పట్టి ఉంచే అడాప్టర్ ఉండాలి. షాంక్ ముందు అంచుకి అరుగుదల పట్టీ వేయిస్తే షాంక్ చాలాకాలం మన్నుతుంది. వెల్డింగ్ ముందు ప్లేటుని వేడి చేయకుండా, రాడ్లు తేమ పట్టినవి వాడి అతికిస్తే పైకి అందంగానే ఉంటుంది, లోపల సన్నటి పగులు ఉంటుంది, అది పొలంలోనే బయటపడుతుంది. 7018 రాడ్డు, అదీ ఓవెన్‌లో ఆరబెట్టింది వాడమని అడగండి, అడిగితే తప్పులేదు.

కొలతలు మూడు తీసుకురండి: పిన్ను వ్యాసం, రెండు పిన్నుల మధ్య దూరం, ఆర్మ్ చివర వెడల్పు. ఇరవై టన్నుల మెషీన్లలో చాలావాటికి పిన్ను 80 మిల్లీమీటర్లే ఉంటుంది, కానీ ఆ మాట నమ్మి చెవులు కోయించుకోకండి, మీ బండి పక్కన నిలబడి కొలవండి. పాత బండికి పిన్ను అరిగి ఉంటుంది, అరిగిన పిన్నుకి సరిపడేలా కొత్త రిప్పర్ చేయించుకుని తర్వాత పిన్ను మార్చి పట్టక తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు.

గుణుపురం జామాయిల్

అన్నలందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక లెక్క వేశాను, సరిచూడండి. మా తోట 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంలో వేసింది. అంటే ఎకరానికి సుమారు 670 మొద్దులు. చచ్చినవి, కుళ్ళినవి పోగా ఎకరానికి నాలుగొందలు బతికి ఉంటాయి. ఆపరేటర్ అన్న చెప్పినట్టు ఒక్కోదానికి మూడు వైపులా తిరిగితే ఐదు నిమిషాలు పట్టినా ఎకరానికి 33 గంటలు. నాలుగెకరాలకి నేను బంగారం అమ్ముకోవాలి.

చైన్‌బండి ఆపరేటర్, పర్లాకిమిడి

కంగారు పడకు తమ్ముడూ. నేను చెప్పిన తిరుగుడు జీడి, మామిడి, చింత లాంటి పెద్ద మొద్దులకి. జామాయిల్‌కి అంత పని లేదు, మొద్దు చిన్నది. బండిని వరసకి నేరుగా పెట్టుకుని వెనక్కి నడుస్తూ, ఒక్కో మొద్దు దగ్గర అటొక గీత ఇటొక గీత లాగి, మూడోసారి కింద పట్టి పైకి లేపడం. చేయి తిరిగినవాడికి నిమిషంన్నర. తీసినదాన్ని అక్కడే బోర్లా పడేసి తర్వాతదానికి వెళ్ళిపోవాలి, ఒక్కోదాన్నీ మోసుకెళ్ళి కుప్ప వేస్తూ కూర్చుంటేనే గంటలు కరిగిపోతాయి. వారం ఎండాక మట్టి రాలిపోతుంది, అప్పుడు ట్రాక్టరు, నలుగురు మనుషులు చాలు.

సాలూరు అగ్రి

పంట వైపు నుంచి ఒక మాట. జామాయిల్ మొద్దు తీసేటప్పుడు వేర్లన్నీ బయటికి రావాలని పట్టు పట్టకండి. జామాయిల్ పిలకలు మొద్దు నుంచే వస్తాయి, పక్కకి పారిన వేర్ల నుంచి రావు. మొద్దు బుర్ర, దాని కింద ఓ అడుగు ముక్క వస్తే సరిపోతుంది, మిగిలిన వేర్లు నేలలోనే కుళ్ళి ఎరువవుతాయి. గట్టు మీద సర్కారు తుమ్మ ఉంటే దానికి ఇదే సూత్రం, ఇంకాస్త లోతుగా. నేల మట్టానికి జానెడు కింద వరకూ దానికి మొగ్గలు దాగి ఉంటాయి, పైన నరికితే రెట్టింపు గుబురుగా లేస్తుంది.

పాత జీడిమొద్దుల సంగతి వేరు. మీరు మళ్ళీ జీడే పెడతానన్నారు. ఆ పాత చెట్లు ఎలా చచ్చాయో చూడండి. మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలి, జిగురు కారి చచ్చి ఉంటే అది కాండం, వేరు తొలిచే పురుగు. దాని పిల్లపురుగులు మొద్దులో, లావు వేర్లలో ఉంటాయి. అలాంటి మొద్దుని వేళ్ళతో సహా తీసి కాల్చేయాలి, గట్టు పక్కన కుప్ప పెట్టి వదిలేస్తే కొత్త అంట్లకి మీరే పురుగుని అందించినట్టు.

పై మట్టి గురించి మీ బెంగ చాలా సరైనది. మన ఎర్ర నేలల్లో సారమంతా పైన ఆరేడు అంగుళాల్లోనే ఉంటుంది. ఇప్పటికే బకెట్‌తో తీసిన గొయ్యిల దగ్గర గరుసు కిందకి, పై మట్టి పైకి వచ్చేలా పూడ్పించండి, ఆ మచ్చల్లో ఈ ఏడు పశువుల ఎరువు ఎక్కువ తోలించండి.

కాశీనగర్ కొబ్బరి

అన్నయ్యలూ, నేనూ ఒకటి అడగవచ్చా. మాది కాశీనగర్ అవతల. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా తోటలో నలభై మూడు కొబ్బరిచెట్లు పోయాయి. కొన్ని వేళ్ళతో లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగాయి. విరిగినవాటి మొదళ్ళు కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ ఏడాది మా ఆయన పరిహారం కోసం తిరుగుతూనే ఉన్నారు, మొదళ్ళు తీయించే డబ్బు ఎక్కడిది. ఇప్పుడు పక్కన వేసిన కొత్త మొక్కల మొవ్వులు కొమ్ము పురుగు కొరికేస్తోంది. వీటికీ రిప్పర్ కావాలా?

చైన్‌బండి ఆపరేటర్, పర్లాకిమిడి

అమ్మా, కొబ్బరికి రిప్పర్ అక్కర్లేదు. దానికి తల్లివేరు ఉండదు, సన్నటి వేర్లు వేలకొద్దీ ఒక బుట్టలా ఉంటాయి. రిప్పర్ వాటి మధ్యలోంచి జారిపోతుంది, దువ్వెనతో నీళ్ళు ఎత్తినట్టు. దానికి బకెట్టే మేలు, రెండు పక్కలా కోసి కిందనుంచి ఎత్తితే బుట్టంతా ఒకేసారి వస్తుంది. మీకు చిన్న మెషీను చాలు, పెద్దది రప్పించి డబ్బు పోసుకోకండి.

సాలూరు అగ్రి

అక్కా, మీరు వెంటనే చేయాల్సింది కుళ్ళుతున్న కొబ్బరి మానులు తీసేయడం. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది వాటిలోనే, పెంటకుప్పలోనూ పెడుతుంది. ఏ చెట్టు మొదట్లోనైనా ఎర్రటి జిగురు కారిన మచ్చలు కనిపిస్తే అది గానోడెర్మా తెగులు కావచ్చు, వేర్ల ద్వారా పక్క చెట్టుకి పాకుతుంది. అలాంటి చెట్టు చుట్టూ అడుగు వెడల్పు, రెండు అడుగుల లోతు కందకం తవ్వి వేరుచేయాలి, చచ్చిన చెట్టుని వేళ్ళతో తీసి కాల్చాలి. మెషీను ఎలాగూ వస్తుంది కాబట్టి ఆ కందకం కూడా అదే రోజు తీయించేయండి.

మందస బావ

ఇంత ఖర్చు ఎందుకు, మొద్దుకి కన్నాలు చేసి కిరసనాయిలు పోసి నిప్పు పెడితే సరిపోదా? మా వైపు పెద్దవాళ్ళు అలాగే చేసేవారు.

సాలూరు అగ్రి

పచ్చిమొద్దు కాలదు బావా, పైన నల్లబడి ఊరుకుంటుంది. ఎండుమొద్దు అయితే నిప్పు వేరు వెంట లోపలికి పోయి రోజుల తరబడి రాజుకుంటూ ఎక్కడో తేలుతుంది. పక్కన జీడితోటలు, గడ్డివాములు ఉన్నచోట వేసవిలో అది ఊరికే ముప్పు తెస్తుంది. బయటికి తీసి, ఎండబెట్టి, కళ్ళముందు కాల్చుకోవడం వేరు.

జయపురం గార్డెన్ పనులు

నేను జయపురం, కోరాపుట్ వైపు ఇళ్ళ చుట్టూ తోటలు, లాన్లు, మెట్ల కట్టుబడి పనులు చేయిస్తాను. మొద్దులు తీయడం మా పనిలో మొదటి రోజు వ్యవహారం. తీయడం గురించి అందరూ చెప్పారు కానీ తీశాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, మాకు ఫోన్లు వచ్చేది దాని గురించే.

గొయ్యిలోకి మట్టి ఒకేసారి తోసేసి పైన బకెట్‌తో రెండు దెబ్బలు కొట్టి వెళ్ళిపోతారు. చూడటానికి చదునుగా ఉంటుంది. మొదటి వర్షాకాలం తిరిగేసరికి అక్కడ మోకాలి లోతు దిగిపోతుంది. ఒక ఇంటి ముందు లాన్‌లో నాకే అలా జరిగింది, పనస మొద్దు తీసిన చోట. ఇంటావిడ ఏమీ అనలేదు, మనవరాలు పరిగెడుతూ అందులో కాలు మెలిపెట్టుకుందని మాత్రం చెప్పారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి జానెడు మట్టి వేయడం, కాస్త తడపడం, దిమ్మిసతో కొట్టడం, మళ్ళీ జానెడు. వేరు ముక్కలు, ఆకులు లోపల వేయనివ్వను, అవి కుళ్ళినకొద్దీ నేల దిగుతుంది, ఇల్లు దగ్గరైతే చెదలు కూడా పడుతుంది. చివర్లో నేల మట్టం కన్నా నాలుగు వేళ్ళు ఎత్తు ఉంచుతాను.

ఇంకో సంగతి, ఉంచుకోవాల్సిన చెట్టు పక్కన రిప్పర్ పెట్టకండి. కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో కనీసం అంతమేర దానివే వేర్లు ఉంటాయి. మొద్దు తీస్తున్నామని పక్క మామిడి వేర్లు తెంపేస్తే ఆ చెట్టు మరుసటి గాలివానకి పడిపోతుంది. అలాంటిచోట మొద్దుని నేలకి సమంగా కోయించి వదిలేయమని చెప్తాను, మనకి పని తగ్గినా సరే.

గుణుపురం జామాయిల్

జయపురం అన్నా, మా పొలం పై చెక్క, ఓ అరెకరం కొండవాలు మీద ఉంది. అక్కడా తీయించేయనా?

జయపురం గార్డెన్ పనులు

వాలు బాగా ఎక్కువగా ఉంటే తీయొద్దు. చచ్చిన వేరు కూడా కొన్నేళ్ళు మట్టిని పట్టి ఉంచుతుంది. ఒకేసారి అన్నీ పెకలించి వదిలితే మొదటి పెద్ద వానకే పై మట్టి కిందకి వచ్చేస్తుంది. తిత్లీ అప్పుడు గజపతి జిల్లాలో కొండచరియ విరిగి ఒక్క ఊళ్ళోనే ఎంతమంది పోయారో మనందరికీ గుర్తుంది, మన కొండల మట్టిని తేలిగ్గా తీసుకోకూడదు. పై చెక్కలో మొద్దులు ఉంచేసి, పిలకలు మాత్రం ఎప్పటికప్పుడు విరిచేస్తూ మధ్యలో జీడి పెట్టండి. మెషీను కూడా వాలుకి అడ్డంగా నిలబడి పని చేయకూడదు, పక్కకి ఒరిగితే ఆపరేటర్ ప్రాణం మీదకి వస్తుంది.

చెరువు గట్టు మీద మొద్దు ఉంటే అది ఇంకా జాగ్రత్త. పీకిన కన్నంలోంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. మళ్ళీ బంకమట్టితో పొరలు పొరలుగా కొట్టి మూయగలిగితేనే ముట్టుకోండి, అది కూడా నీళ్ళు లేనప్పుడు.

బరంపురం మెషీన్ ఓనర్

మనుషుల జాగ్రత్త ఎవరూ రాయలేదు. మొద్దు లేస్తుంటే ఊళ్ళో పిల్లలంతా వచ్చి నిలబడతారు, వంటచెరుకు కోసం ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని పక్కనే ఉంటారు. బిగిసిన వేరు తెగినప్పుడు కొరడాలా వస్తుంది. మా బండి ముందు అద్దం ఒకసారి అలాగే పోయింది, అది మనిషికి తగిలి ఉంటే? పదిహేను మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు, హెల్పర్‌తో సహా. అద్దానికి జాలీ పెట్టించుకోండి. పైన కరెంటు తీగలు, కింద బోరు కేబుల్ ఎటు పోయిందో పనికి ముందే చూపించండి. పాత మొద్దుల కింద నాగుపాములు, కట్లపాములు ఉంటాయి, తీసిన వెంటనే చేత్తో వేర్లు లాగొద్దు.

వంశధార గట్టు

ఎప్పుడు పని పెట్టుకోవాలో కూడా చెప్పండి అన్నా, మాదీ ఒక ఎకరం ఉంది.

చైన్‌బండి ఆపరేటర్, పర్లాకిమిడి

ఎర్ర గరుసు నేలకి మంచి వాన పడ్డ రెండు మూడు రోజుల తర్వాత. మే నెల ఎండలో ఆ నేల సిమెంటులా ఉంటుంది, వేరు తెగదు, పన్ను అరుగుతుంది. తడి తగిలితే సగం డీజిల్‌తో పని అవుతుంది. నదీ పక్క నల్లమట్టి అయితే వాన తర్వాత దింపొద్దు, చైన్ కూరుకుపోతే మెషీను తీయడానికి ఇంకో మెషీను కావాలి. అక్కడ చలికాలం చివర్లో, పైన ఆరి లోపల కాస్త పచ్చిగా ఉన్నప్పుడు పెట్టుకోండి.

ఒడిశా ఆపరేటర్‌ని మాట్లాడుకుంటే జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులు లెక్క తీసేయండి. ఆ రోజుల్లో భూమ్మీద నాగలి పెట్టరు, తవ్వరు. పొలం మనదైనా వాళ్ళ మనసు నొప్పించి బండి ఎక్కించకూడదు. నేనూ ఆ మూడు రోజులు బండి దిగిపోతాను.

గుణుపురం జామాయిల్

రజ వెళ్ళాక వాన పడింది, నాలుగో రోజున పని పెట్టాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

ఇరవై టన్నుల మెషీను దొరికింది, రిప్పర్ వాళ్ళదే. ఆపరేటర్ కోరాపుట్ వైపు అబ్బాయి, రిప్పర్‌తో రాళ్ళపని చేశాడు కానీ మొద్దులు కొత్త. మొదటి గంటంతా సరాసరి కిందకి గుచ్చి ఎత్తాలనే చూశాడు. ఐదోసారి బండి వెనక చైన్ లేచిపోయింది, నాకు గుండె ఆగినంత పనైంది. అప్పుడు బండి ఆపించి ఇక్కడ రాసినదంతా ఒడియాలో చెప్పాను, పుల్ల పుచ్చుకుని నేల మీద గీసి చూపించాను. విన్నాడు. తర్వాత మొద్దు చూస్తుండగానే తేడా తెలిసింది. దూరంగా గుచ్చి లాగుతుంటే వేర్లు తెగే చప్పుడు వరసగా వినిపించింది, ఆఖర్న మొద్దు దానంతటదే వదులైనట్టు ఒరిగింది. గొయ్యి బానెడు ఉంది, అంతే.

చదును చెక్క మూడున్నర ఎకరాలు నాలుగు రోజుల్లో అయ్యింది. అంతకు ముందు వచ్చిన టైర్ల మెషీను లెక్కన అయితే నెలన్నర దాకా పట్టేది. మిగిలిన ఐదు జీడిమొద్దుల్లో రెండింటిలో బొటనవేలంత తెల్ల పురుగులు ఉన్నాయి, అగ్రి గారు చెప్పినట్టు అవి వేళ్ళతో తీసి కాల్చేశాం, కింద మట్టి కూడా జల్లెడ పట్టినట్టు వెతికాం. కాస్త ఎండిన జామాయిల్ మొద్దులు ఇటుకబట్టీవాళ్ళు వచ్చి బేరం చేసుకుని పట్టుకెళ్ళారు, మెషీను ఖర్చులో కొంత అలా తిరిగొచ్చింది. వాలు చెక్క ముట్టుకోలేదు.

చింతమొద్దు మాత్రం రాలేదు. మూడు గంటలు తిప్పాం. పక్క వేర్లన్నీ తెగాయి, తల్లివేరు తొడంత లావుంది, ఎంత లోతుకి పోయిందో. రిప్పర్ వెనక అంచుతో మొద్దుని నిలువునా చీల్చమని అబ్బాయికి చెబుదామనుకున్నాను, కానీ వాళ్ళ రిప్పర్ వెనక నునుపుగా ఉంది, పళ్ళు లేవు.

చైన్‌బండి ఆపరేటర్, పర్లాకిమిడి

మంచి పని చేశావు తమ్ముడూ, ముఖ్యంగా చైన్ లేచినప్పుడు ఆపించడం. చింతని ఇప్పుడు వదిలెయ్. పక్క వేర్లు తెగాయి కాబట్టి అది మెల్లగా బలహీనపడుతుంది. ఈ వానాకాలం, వచ్చే వేసవి గడవనివ్వు, చుట్టూ చిన్న పళ్ళెంలా ఉంచి నీళ్ళు నిలిచేలా చెయ్. మెల్లగా తల్లివేరు పట్టు సడలవచ్చు. అప్పుడు వెనక రంపపు అంచున్న రిప్పర్ తెచ్చుకుంటే ముక్కలు ముక్కలుగా చీల్చి తీసేయవచ్చు.

వెల్డింగ్ షాప్, రాయగడ

ఆ రంపపు అంచు ఉన్న రిప్పరే ఇప్పుడు మా షాపులో ఒకటి తయారవుతోంది, బరంపురం ఓనర్ గారి బండికే. వంశధార గట్టు గారూ, మీ ఎకరానికి మాట్లాడుకున్న మెషీను ఏదో, దాని మూడు కొలతలు రాసి పెట్టండి, చెవులు దానికీ పట్టేలా చూస్తాను.

వంశధార గట్టు

రేపు పొద్దున్న టేపు పట్టుకుని వెళ్తాను అన్నా. పిన్ను బయటికి తీసి కొలవాలా, బండికి ఉండగానే కొలవచ్చా?

వెల్డింగ్ షాప్, రాయగడ

తీసి కొలవండి. రెండు చివర్లా, మధ్యలో, మూడుచోట్ల. మూడు అంకెలూ ఒకటే వస్తే పిన్ను బాగుంది, తేడా వస్తే ముందు పిన్ను మార్పించమని ఓనర్‌కి చెప్పండి.

కాశీనగర్ కొబ్బరి

మా తోటకి కూడా శుక్రవారం చిన్న మెషీను వస్తోంది. కందకం తీయాల్సిన చెట్లు నాలుగు తేలాయి, మా ఆయన వాటికి సున్నం బొట్లు పెట్టి వచ్చారు.

చైన్‌బండి ఆపరేటర్, పర్లాకిమిడి

శుక్రవారం నాకు పని లేదమ్మా, మీ ఊరి మీదుగానే వెళ్తాను. బండి దిగే చోట నీళ్ళ పైపు ఏదైనా ఉంటే దాని మీద కూడా ఒక బొట్టు పెట్టించండి.